అశక్తుని అర్జీ

శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపుగొసను, మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ నున్న సీమను ఉద్దాన మందురు. ఉద్యానమను మాటయే జనుల నోట నాని ఉద్దాన మైనదని పెద్దలు చెప్పుదురు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస - ఈ మండలములలో ఎటుచూచినను కొబ్బరితోటలును, జీడిమామిడితోటలును, పనసచెట్లును కన్నుల పండువుగ నుండును. ఇంత పచ్చని సీమను గడచిన పాతికేండ్లుగ మూత్రపిండముల వ్యాధి ఊళ్లకూళ్లే పట్టి పీడించుచున్నది. మధుమేహము లేనివారికిని, రక్తపుపోటు ఎరుగనివారికిని ఇది వచ్చుచున్నది. నిన్నటివరకు కొబ్బరిచెట్టెక్కిన మనుష్యుడు నేడు అరుగుమీద కూలబడి కాళ్లవాపు చూచుకొనుచుండును. త్రాగునీరు కారణమా, నేలలోని లోహములా, పురుగుమందులా, మండుటెండలో దప్పిగొని చేయు కాయకష్టమా అనునది వైద్యశాస్త్రజ్ఞులు ఇంకను నిశ్చయముగ తేల్చలేదు.

ఈ వ్యాధినిగూర్చి పత్రికలు చాల వ్రాసినవి. మంత్రులు చూచి పోయిరి. 2023 డిసెంబరులో పలాసయందు రెండువందల పడకల ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి త్రాగునీటి పథకమును ప్రారంభమైనవి. అవి మంచిపనులు, కాదనువారు లేరు. మేము నేడు వ్రాయదలచినది వ్యాధినిగూర్చి గాదు. వ్యాధి వచ్చినపిదప, ఇక కష్టపడి బ్రతుకజాలనని తెలిసికొన్న మనుష్యుడు చేతబట్టుకొని తిరుగు కాగితమునుగూర్చి.

కొన్ని యేండ్లక్రిందట ఆ ప్రాంతమున నొక గ్రామ సచివాలయమున మేము కూర్చుండియుండగా అరువదియేండ్ల మనుష్యు డొకడు భార్య భుజమూనుకొని వచ్చెను. బల్లవద్ద నున్న యువకుడు ఆయన తెచ్చిన రక్తపరీక్ష చీటీని చూచి, ఎంతయో మర్యాదగనే చెప్పెను: "తాతా, నీది నాలుగు పాయింటు ఆరే వచ్చింది. ఐదు దాటితేగాని కంప్యూటరు తీసుకోదు. మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేయించుకొని రా." ముసలాయన చీటీని తిరిగి తీసికొని మడతపెట్టుచు, "ఐదు దాటీవరకు నానుంతానేటి బాబూ?" అనెను. దానికి బదులు చెప్పగలవా రచ్చట లేకపోయిరి. ఆ యువకుని తప్పుపట్ట వలనుపడదు. ఐదుకు తక్కువైన యంకెను పుచ్చుకొను అధికార మతనికి లేదు. అతని యెదుట నున్న యంత్రమునకును లేదు.

ఈ ఐదు అను అంకె యెట్టిదో పాఠకు లెరుగుట మంచిది. క్రియాటినిన్ అనునది మన కండలనుండి పుట్టి రక్తములో చేరు నొక మలినపదార్థము. ఆరోగ్యవంతుని రక్తమున నిది డెసిలీటరునకు ఒక మిల్లీగ్రామునకు అటునిటుగ నుండును. మూత్రపిండములు దానిని వడకట్టి మూత్రముద్వారా వెలికి పంపుచుండును. మూత్రపిండముల శక్తి సగమువరకు క్షీణించినను ఈ యంకె అంతగా కదలకపోవచ్చును. అది 2, 3 అగునప్పటికే వ్యాధి చాల ముదిరియుండును. మనుష్యుడు నీరసించి, ఆకలిచెడి, నాలుగడుగులు వేసి ఆయాసపడుచుండును. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము డయాలిసిస్ స్థితికి వచ్చిన రోగులకు 2017లో నెలకు 2,500 రూపాయల పింఛను నేర్పరచినది. 2019లో దానిని 10,000 చేసినది. డయాలిసిస్‌కు ఇంకను రాని రోగులకు 5,000 చొప్పున ఇచ్చుట తరువాత ఆరంభమైనది. వారిని ఏరుటకు పెట్టిన ప్రధానమైన కొలతయే ఈ ఐదు.

ఇందులో నింకొక చిక్కు గలదు. క్రియాటినిన్ కండలనుండి పుట్టునది గదా! కండగల మనుష్యునకు అది యెక్కువగ పుట్టును. బక్కచిక్కినవానికి తక్కువగ పుట్టును. ఏండ్లతరబడి వ్యాధితో కృశించిన కూలివానికిని, చాలీచాలని తిండి తిను ముసలమ్మకును మూత్రపిండములు చాలవరకు చెడినను రక్తములోని యంకె తక్కువగనే కనబడవచ్చును. అందుచేతనే వైద్యులు వయస్సును, స్త్రీపురుషభేదమును లెక్కగట్టి వడపోతశక్తిని వేరుగ గణింతురు. కేవలము అంకెను పట్టుకొని కూర్చున్నచో, ఎవడు మిక్కిలి చిక్కి శల్యమైనాడో వాడే వెనుకకు త్రోయబడును. ఇది ఎవరును కావలెనని చేసిన యన్యాయము గాదు. రాజధానిలో నొక పట్టికను తయారుచేసినవారు సోంపేట కూలివాని శరీరమును తలచుకొనకపోవుటచే కలిగినది.

మేము చూచిన ముసలాయన మూడునెలల పిదప మరల పరీక్ష చేయించుకొనెను. అంకె ఐదు దాటినది. పింఛను మంజూరైనది. ఆయన దానిని నాలుగునెలలు పుచ్చుకొనెనని తరువాత ఆ యూరివారు చెప్పిరి.

2024 జులైనుండి ఈ తరగతి రోగుల పింఛను గూడ 10,000 అయినది. ఇది చిన్న సాయము గాదని మేము మనస్ఫూర్తిగ నొప్పుకొందుము. డయాలిసిస్ అనగా వారమునకు రెండు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగు గంటలు యంత్రమునకు కట్టుబడి యుండుట. రోగితో వెళ్లు భార్యయో కుమారుడో ఆనాటి కూలి పోగొట్టుకొనుట. పూర్వ మిచ్చాపురమునుండి విశాఖపట్టణమునకు రెండువందల కిలోమీటర్లకు మించిన దారి పోయిరావలసి వచ్చెడిది. ఇప్పుడు సోంపేట, పలాస మొదలగు చోట్ల యంత్రము లుండుటచే కొంత మేలైనది. పదివేల రూపాయలు చేతికి వచ్చినచో బండిబాడుగకును, మందులకును అక్కరకు వచ్చును. ఇచ్చుటలో లోపము లేదు. ఎవరికిత్తుమని తేల్చుటలోనే యున్నది.

గోదావరికి ఆవలిప్రక్క సంగతి చూడుడు. తెలంగాణమున డయాలిసిస్ రోగులకు ఆసరా పింఛను 2022లో ఆరంభమైనది. నెలకు 2,016 రూపాయలు. అదే వ్యాధి, అదే యంత్రము, అదే నాలుగు గంటలు. ఒకే భాష మాటలాడు ఇద్దరు రోగులకు ఇంత తేడా యేల యని అడిగినచో రాజ్యాంగము బదులు చెప్పును. ఏడవ షెడ్యూలులోని రాష్ట్రముల జాబితాలో తొమ్మిదవది "వికలాంగులకును, పనిచేయజాలనివారికిని సహాయము". కావున ఏ రాష్ట్రమున కా రాష్ట్రమే కర్త. కేంద్రప్రభుత్వ మిచ్చు ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛను 2009లో ఆరంభమైనది. దారిద్ర్యరేఖకు దిగువనుండి, 80 వంతుల వైకల్యము గలవారికే అది లభించును. మొదట నెలకు 200. 2012లో 300 అయినది. ఆ తరువాత ధరలు పెరిగినవి, జీతములు పెరిగినవి, శాసనసభ్యుల భత్యములును పెరిగినవి. ఆ మూడువందలు మాత్రము పెరుగలేదు.

రాజ్యాంగమును తలచినప్పుడు 41వ అధికరణమును గూడ తలపవలెను. తన యార్థికశక్తికి లోబడి, నిరుద్యోగము, వార్ధక్యము, రోగము, అంగవైకల్యము సంభవించినపుడు పౌరులకు సహాయముపొందు హక్కును రాజ్యము సమకూర్చవలెనని అందులో నున్నది. రాజ్యాంగపరిషత్తు 1949 నవంబరు 26వ తేదీన ఆమోదించిన పత్రమిది. రోగమును వైకల్యమును ఒకేవరుసలో ప్రక్కప్రక్కన పేర్కొనుట గమనింపదగినది. స్వాతంత్ర్యమునకై చెరసాలల కేగినవారు తెల్లవాని కచేరీ స్థానమున నల్లవాని కచేరీ వచ్చుటమాత్రమే కోరినవారు గారు. పరాయిప్రభుత్వ మేలినంతకాలము పనిచేయజాలని దీనుడు కుటుంబముమీదనో, ధర్మసత్రముమీదనో పడియుండెను. మన ప్రభుత్వ మేర్పడినపుడు వాని భారము మనమందరము పంచుకొందుమని వారు వ్రాసిరి. కాని 37వ అధికరణము ఆ వ్రాతకు వెంటనే కళ్లెము వేసినది: ఈ నిర్దేశకసూత్రములను న్యాయస్థానములద్వారా అమలు జరిపించుకొన వీలులేదు. వ్రాసిన చేతితోనే వాయిదా వేసినట్లైనది.

కర్మాగారముల కార్మికులవరకు ఆ వాయిదా త్వరగనే ముగిసినది. ఆచార్య అదార్కరు 1944లో సమర్పించిన నివేదికను బట్టి 1948లో కార్మిక రాజ్యబీమా చట్టము వచ్చినది. దానిక్రింద చేరిన కార్మికుడు జబ్బుపడినచో సంవత్సరమునకు 91 దినములు జీతములో 70 వంతులు పొందవచ్చును. క్షయ, క్యాన్సరువంటి దీర్ఘవ్యాధులకు, తగినంతకాలము చందా కట్టియున్నచో, రెండేండ్లవరకు 80 వంతులు పొందవచ్చును. అచ్చటను చిక్కులు లేకపోలేదు. ఐనను రోగమే హక్కునకు మూలమని ఆ చట్ట మంగీకరించినది. కౌలురైతునకు, కొబ్బరి ఒలుచువానికి, మగ్గము నేయువానికి అట్టి చట్టము లేదు. వారు రోగులైనను వికలాంగులుగనో, ప్రభుత్వము దయతో పేర్కొన్న వ్యాధిగల వారుగనో కచేరీ గడప తొక్కవలసియున్నది.

వికలాంగుడని యెవని నందురు? 1995నాటి చట్ట మేడు వైకల్యములను చెప్పినది. 2016లో వచ్చి, 2017 ఏప్రిలు 19నుండి అమలైన చట్టము ఇరువదియొక్కటి చెప్పినది. కండరముల క్షీణత, పార్కిన్‌సన్ వ్యాధి, తలసేమియా, సికిల్ సెల్ - ఇవన్నియు అందులో చేరినవి. ఇది గొప్ప ముందడుగే. కాని గుండె చెడినవాడు అందులో లేడు. మూత్రపిండములు చెడినవాడు లేడు. క్యాన్సరుచే శక్తియంతయు హరించుకొనిపోయినవాడు లేడు. చేయి లేనివానికి చేయిలేదని ఎవరైనను చెప్పగలరు. గుండె సగముబలముతో కొట్టుకొనువాని ముఖము చూచి చెప్పువా రెవరు? రాష్ట్రము ప్రత్యేకముగ నొక వ్యాధిని పేర్కొని ఉత్తరువిచ్చినపుడే వాడు మనుష్యుల లెక్కలో చేరును. ఉద్దానమువారి కా యుత్తరువు రాగలిగినది, వారు వేలకొలది యుండుటచేతను, పత్రికలు ఘోషించుటచేతను. ఊరికొక్కడుగ చెదరియున్న హృద్రోగుల కా బలము లేదు.

ఆ చట్టములో పేర్కొన్న వైకల్యమే యైనను చాలదు. 40 వంతు లుండవలెను. ఈ వంతులు లెక్కవేయు విధము పాఠకులలో చాలమందికి తెలియదు. పక్షవాతమునే తీసికొందము. ఇట్టి నరముల వ్యాధులలో కొలువవలసినది వ్యాధిని గాదు, వ్యాధివలన మిగిలిన లోపమును అని నియమము. వ్యాధి వచ్చిన ఆరునెలల పిదపనే పరీక్షింపవలెననియు సాధారణముగ నున్నది; ఏలయన మొదటి నెలలలో కొంత కోలుకొను అవకాశముండును. శాస్త్రరీత్యా ఇది సమంజసమే. కాని ఆ యారునెలలు ఇంటిల్లిపాది ఏమితినవలెనో శాస్త్రము చెప్పదు. ఆసుపత్రి ఖర్చులకు అప్పుచేసినది ఆ యారునెలలలోనే, పాడిగేదె నమ్ముకొన్నదియు ఆ యారునెలలలోనే.

తరువాత కూడిక. ఒక మనుష్యునకు కాలి బలహీనతవలన 20 వంతులు, వినికిడి లోపమువలన 20 వంతులు వైకల్యమున్నదనుకొనుడు. ఇరువది యిరువది నలుబది యని బడిపిల్లవాడైనను చెప్పును. నియమావళి అట్లు చెప్పదు. పెద్ద యంకెను 90నుండి తీసివేసి, మిగిలినదానితో చిన్న యంకెను గుణించి, 90చే భాగించి, దానిని పెద్దయంకెకు కలుపవలెను. అట్లు చేయగా వచ్చునది 35.6 మాత్రమే. ఆ మనుష్యునకు పింఛను లేదు. రెండవ లోపమును, మొదటిలోపము పోగా మిగిలిన దేహములోనుండియే కొలువవలెనను తర్క మిందులో గలదు. ఆ తర్కమును మేము త్రోసివేయము. కాని అర్జీదారున కీలెక్క చెప్పు వారెవరు? అతడు చూచునది రెండు కాగితములమీద ఇరువది, ఇరువది. మూడవ కాగితముమీద అనర్హుడు. డాక్టరు డబ్బు తిన్నాడని అతడు నమ్మును. డాక్టరు నిర్దోషి యైనను ఆ నమ్మకము పోదు.

ఈ కొలతలో మాకు తోచిన పెద్దలోపము వేరొకటి గలదు. ఇది దేహమును కొలుచునేగాని జీవనమును కొలువదు. కుడిచేతి వ్రేళ్లు పట్టుతప్పినచో గుమాస్తాకును, చేనేతపనివానికిని ఒకే వంతులు పడును. గుమాస్తా ఎడమచేతితో వ్రాయ నేర్చుకొనవచ్చును. నేతగాని మగ్గము నిలిచిపోవును. పనిలో గాయపడిన కార్మికుల విషయమున 1923నాటి నష్టపరిహారపు చట్టము ఇంతకంటె తెలివిగ నుండెను. అది అడిగినది దేహమున నెంత పోయినదని గాదు, సంపాదించు శక్తి యెంత పోయినదని. ఎడమచేయి మోచేతికి పైగా తీసివేయబడిన యొక వడ్రంగి విషయమున 1975 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము, ఒంటిచేతితో వడ్రంగము చేయుట యసాధ్యము గావున అతనిది సంపూర్ణవైకల్యమే యని నిర్ణయించినది. పట్టికప్రకారము లెక్కించినచో అతనికి తక్కువ వంతులే పడియుండును. విదేశప్రభుత్వమునాటి చట్టమునకు మన న్యాయాధిపతు లంత విశాలార్థము చెప్పగలిగిరి. మనము వ్రాసికొన్న పింఛను నియమములకు ఆ దృష్టి ఏల పట్టుబడలేదో మాకు బోధపడకున్నది.

ఇక ఒకపర్యాయము పింఛను వచ్చినవారి సంగతి. 2024 జులైలో ఆంధ్రప్రదేశమున వికలాంగుల పింఛను 3,000 నుండి 6,000 అయినది. మంచముపట్టినవారికి, చక్రముల కుర్చీకి పరిమితమైనవారికి 5,000 నుండి 15,000 అయినది. మొత్తము పెరుగగనే దొంగపత్రముల మాటయు పైకి వచ్చినది. దొంగపత్రములు లేవని మే మనము. చెవులు వినబడుచుండగనే చెవిటివారైనవారిని, చురుకుగ నడచుచు కుంటివారైనవారిని మన పాఠకులలో ననేకులు తమయూళ్లలోనే చూచియుందురు. వారికిచ్చు ప్రతి రూపాయియు నిజమైన దీనుని నోటినుండి తీసినదే. కావున 2025లో ప్రభుత్వమువారు మరల పరీక్ష చేయింప బూనుట తప్పుగాదు. వైద్యులు ఇండ్లకును వెళ్లిరి. మిగిలినవారిని ఆసుపత్రులకు పిలిపించిరి. ఆగస్టునెలలో వేలకొలది జనులకు నోటీసులు వచ్చినవి: నీ వైకల్యము 40 వంతులకు తక్కువ, కావున నీవు అనర్హుడవు. కొందరికి హెచ్చు తరగతినుండి తక్కువ తరగతికి మార్పు. రాష్ట్రమంతట ఆందోళన చెలరేగెను. పోలియోచే చిన్ననాడే కాలు చచ్చినవారు, ఏండ్లక్రిందట శాశ్వతవైకల్యమని ప్రభుత్వవైద్యుడే వ్రాసియిచ్చిన పత్రము చేతబట్టుకొని కచేరీలకు ప్రాకిరి. తుదకు అప్పీలు చేసికొన్నవారిని మరల పరీక్షింతుమనియు, అంతవరకు పింఛను నిలుపమనియు ప్రభుత్వమువారు చెప్పవలసివచ్చెను.

ఈ కథ ప్రపంచమున నిదే మొదలుగాదు. అమెరికాదేశమున పనిచేయజాలనివారికి బీమాపింఛను 1956లో ఏర్పడినది. నేడు లక్షలకొలది తెలుగువారు ఆ బీమాకు తమ జీతములనుండి చందా కట్టుచున్నారు. 1980లో అచ్చటి శాసనసభ పింఛనుదారులను మూడేండ్ల కొకపరి తిరిగి పరీక్షింపుడని శాసించినది. రీగను ప్రభుత్వము దానిని మహావేగముతో అమలుజరిపినది. మూడేండ్లలో నాలుగైదు లక్షలమంది జాబితానుండి తొలగింపబడిరి. వారిలో రమారమి రెండులక్షలమంది అప్పీలు చేసికొని తిరిగి చేర్చబడిరి. అనగా తొలగించుటలో ఎంత తొందరపాటు జరిగినదో తెలియుచున్నది. కొన్ని రాష్ట్రముల గవర్నరులు ఆ యుత్తరువులను అమలుజరుపమని మొండికెత్తిరి. తుదకు 1984లో ఉభయసభలును ఏకగ్రీవముగ నొక చట్టము చేసినవి. అందులోని ముఖ్యసూత్రము చిన్నది: మునుపు వైకల్యమున్నదని ఒప్పుకొన్న మనుష్యుని పింఛను తీసివేయవలెనన్న, వాని స్థితి అప్పటికంటె మెరుగైనదని ప్రభుత్వమే సాక్ష్యము చూపవలెను. వైద్యుడు మారినంతమాత్రమున, కొలబద్ద మారినంతమాత్రమున తీసివేయరాదు. మొదటిపత్రమే మోసముతో సంపాదించినదైనచో అది వేరుసంగతి. దానిని మోసముగనే నిరూపింపవలెను.

ఈ సూత్రమును మన రెండు రాష్ట్రములును స్వీకరింపవలెనని మా యభిప్రాయము. ఎండిన కాలు పదేండ్లలో చిగిర్చదు. అదే కాలికి 2012లో 55 వంతులు, 2025లో 35 వంతులు వచ్చినచో ఇద్దరు వైద్యులలో ఒకరు పొరపడియుండవలెను. ఆ పొరపాటునకు మూల్యము చెల్లించువాడు కాలులేనివాడు కారాదు.

నిరాకరణ మెల్లప్పుడు వైద్యునినుండియే రాదు. మన పాఠకులలో భూవసతి గలవా రుండుటచే ఈ సంగతి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. కొన్ని యేండ్లుగ ఆంధ్రప్రదేశమున అమలుజరిగిన నిబంధనలలో కుటుంబమునకు మూడెకరములకు మించి మాగాణియో, పదెకరములకు మించి మెట్టయో ఉండరాదని యొకటి; సగటున నెలకు 300 యూనిట్లకు మించి విద్యుత్తు వాడరాదని యొకటి; నాలుగుచక్రముల బండి యుండరాదని మరియొకటి. స్థూలదృష్టికి న్యాయముగనే కనబడును. సంపన్నునకు పింఛనెందుకు? కాని ఆచరణమున జరుగున దేమన: అన్నదమ్ములు నలుగురు పంచుకొన్న పొలము ఇంకను తండ్రిపేరనో, పెద్దవానిపేరనో అడంగలులో నుండును. పెద్దవానికే పక్షవాతము వచ్చినచో వాడు కాగితముమీద భూస్వామి. అద్దెయింటి మీటరు ఇంకొకని ఆధారుసంఖ్యకు ముడిపడియుండును. కొడుకు అప్పుచేసి కారు కొన్నచో తండ్రికి కారున్నట్లే. పంపకములు రిజిస్టరు చేయించుకొనక, మ్యుటేషను వాయిదావేయుచు వచ్చిన మన బద్ధకము ఇట్టిచోట మన యింటి రోగిమీదనే పడుచున్నది. ఇది ప్రభుత్వమువారి దోషముగాదు, మనదే.

నిరాకరింపబడినవాడు ఏమిచేయవలెనో పల్లెలలో చాలమందికి తెలియదు. లేదు పొమ్మన్న మాటను నోటిమాటగ విని తిరిగివచ్చుదురు. 2016 చట్టము 58వ సెక్షనుప్రకారము, పరీక్షించిన అధికారి వైకల్యపత్ర మీయవలెను. లేదా నిర్ణీతమైన వైకల్యము లేదని వ్రాతమూలమున తెలుపవలెను. 2017 నియమములప్రకారము నిరాకరణకు కారణములుగూడ వ్రాసి యీయవలెను. మొదట అందుకు ఒకనెల గడువుండెను. 2024 అక్టోబరు సవరణతో మూడు నెలలైనది. ఆ సవరణతోనే కార్డులకు రంగులు గూడ వచ్చినవి: 40కి లోపువారికి తెలుపు, 40నుండి 80కి లోపువారికి పసుపు, ఆపైవారికి నీలము. రంగులు నిర్ణయించుటలో చూపిన శ్రద్ధ గడువు తగ్గించుటలో చూపియుండిన బాగుండెడిది. 59వ సెక్షనుప్రకారము ఆ నిర్ణయముమీద రాష్ట్రప్రభుత్వము నియమించిన యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. వ్రాతలేని నిరాకరణముమీద అప్పీలేమి చేయగలరు? కావున మొదట అడుగవలసినది పింఛనుగాదు, కాగితము.

కచేరీకి వెళ్లువారు ఆసుపత్రినుండి విడుదలైననాటి పత్రమును, తలస్కాను చిత్రములను, మందుల చీటీలను తేదీలవారీగ ఉంచుకొనవలెను. నాకు కాలు పనిచేయదు అని వ్రాయుటకంటె, మంచముదిగి మరుగుదొడ్డికి పోవుటకు మనుష్యులెందరు పట్టవలసివచ్చునో, చెంబెత్తగలడో లేడో, గుండీ పెట్టుకొనగలడో లేడో వ్రాయుట మేలు. వైద్యుడు పదినిమిషములలో చూడజాలనిది ఇంటివారు సంవత్సరమంతయు చూచుచున్నారు. వికలాంగులకు, ఆదాయమెంతయైనను, 1987నాటి న్యాయసేవా చట్టముక్రింద ఉచిత న్యాయసహాయము గలదు; జిల్లాకోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయముండును. వికలాంగుల కమిషనరునకు ఫిర్యాదు చేయుటకు రుసుము లేదు. రికార్డులు దాచినచో 2005నాటి సమాచారహక్కు చట్టముక్రింద పది రూపాయలతో అడుగవచ్చును.

ఇన్ని వ్రాసినను అర్జీ వ్రాయవలసిన చేయి పడిపోయినవాడు దానిని వ్రాయజాలడు. భార్యకు చదువురాదు. కుమారుడు హైదరాబాదులో పనికి పోయియుండును. ఆ యూరిలో చదువువచ్చిన పదిమందిలో నీ పత్రికను తెప్పించుకొనువాడొకడైనను ఉండును. అతడు తీరికగ కూర్చుండు సాయంకాలమున నొకగంట చాలును. నోటీసుమీద నున్న తేదీని మొట్టమొదట చూడవలెను. అప్పీలు గడువు ఆనాటినుండియే నడచుచుండును.